బ్యాంకు చెక్ బౌన్స్ కేసు: నోటీసు అందిన రోజు నుంచి మీరు చేయాల్సిన పనులు

లోను మంజూరయ్యేటప్పుడు సంతకం పెట్టి ఇచ్చిన ఖాళీ చెక్కు సంగతి చాలామందికి గుర్తుండదు. వాయిదాలు నాలుగైదు తప్పాక బ్యాంకు ఆ చెక్కు మీద తేదీ, మొత్తం రాసి క్లియరింగ్‌కి వేస్తుంది. ఖాతాలో డబ్బు లేక చెక్కు వాపసు వస్తుంది, వెనకాలే లాయరు నోటీసు వస్తుంది. ఇక్కడే రెండు రకాల తప్పులు జరుగుతాయి. కొందరు భయపడి పోస్ట్‌మ్యాన్‌ని వెనక్కి పంపేస్తారు. కొందరు "సివిల్ బాకీయే కదా, ఏం చేస్తారు" అని పక్కన పడేస్తారు. రెండూ నష్టమే. నోటీసు అందాక వచ్చే 15 రోజులు ఈ మొత్తం వ్యవహారంలో మీకు అన్నిటికన్నా తక్కువ ఖర్చుతో బయటపడే అవకాశం.

ఇది నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం, 1881లోని 138వ సెక్షన్ కింద నడిచే క్రిమినల్ కేసు. నేరం రుజువైతే రెండేళ్ల వరకు జైలు, లేదా చెక్కు మొత్తానికి రెట్టింపు వరకు జరిమానా, లేదా రెండూ వేయవచ్చు. బెయిలు ఇవ్వదగిన నేరమే, రాజీకి వీలున్న నేరమే. కాబట్టి కంగారు అక్కర్లేదు, నిర్లక్ష్యం అసలే కూడదు.

మొదటి పని: ఆరు తేదీలు రాసుకోండి

లాయరు దగ్గరికి వెళ్లే ముందే ఒక తెల్లకాగితం మీద ఇవి రాయండి: చెక్కు మీదున్న తేదీ, బ్యాంకు దాన్ని క్లియరింగ్‌కి వేసిన తేదీ, రిటర్న్ మెమో (చెక్కు ఎందుకు వాపసు వచ్చిందో బ్యాంకు రాసిచ్చే చీటీ) తేదీ, నోటీసు పోస్టు చేసిన తేదీ, అది మీకు అందిన తేదీ, కోర్టులో ఫిర్యాదు దాఖలైన తేదీ. చివరిది తర్వాత తెలుస్తుంది. నోటీసు వచ్చిన కవరు పారేయకండి. దాని మీదున్న స్పీడ్ పోస్టు నంబరుతో ఇండియా పోస్ట్ సైట్‌లో ఎప్పుడు బుక్ అయింది, ఎప్పుడు అందింది అనేది చూసి ప్రింటు తీసి పెట్టుకోండి. కొన్నాళ్లు పోతే ఆ వివరం సైట్‌లో కనపడదు.

చట్టం బ్యాంకుకి పెట్టిన గడువులు ఇవి. చెక్కు మీది తేదీ నుంచి మూడు నెలల్లోపు ప్రెజెంట్ చేయాలి (2012 ఏప్రిల్ 1 ముందు ఇది ఆరు నెలలు ఉండేది). చెక్కు వాపసు వచ్చిందని తెలిసిన 30 రోజుల్లోపు నోటీసు పంపాలి. నోటీసు అందాక మీకు 15 రోజులు ఇవ్వాలి. ఆ 15 రోజులూ గడిచాక ఒక నెలలోపు కోర్టులో ఫిర్యాదు వేయాలి.

ఉదాహరణకి నోటీసు మీకు జూన్ 3న అందిందనుకుందాం. అందిన రోజుని లెక్కలో కలపరు. జూన్ 18తో 15 రోజులు పూర్తవుతాయి. 19న బ్యాంకుకి కేసు వేసే హక్కు పుడుతుంది. ఆ రోజుని కూడా వదిలేస్తే, ఫిర్యాదుకి గడువు జూలై 19. గడువు దాటి వేస్తే బ్యాంకు ఆలస్యానికి కారణం చెప్పి కోర్టు అనుమతి తీసుకోవాలి, కోర్టు ఒప్పుకోవచ్చు. కానీ 15 రోజులు పూర్తికాకముందే తొందరపడి వేసిన ఫిర్యాదు చెల్లదని 2014లో సుప్రీంకోర్టు చెప్పింది. నోటీసు 30 రోజులు దాటాక పంపితే ఆ చెక్కు ప్రెజెంటేషన్ మీద కేసు నిలబడదు. అయితే మూడు నెలల గడువు ఇంకా ఉంటే బ్యాంకు అదే చెక్కుని మళ్లీ వేసి, అది మళ్లీ బౌన్స్ అయితే కొత్త నోటీసు ఇవ్వవచ్చు. కాబట్టి నోటీసు ఆలస్యంగా వచ్చిందని వెంటనే ఊపిరి పీల్చుకోకండి, చెక్కు మీది తేదీ చూడండి.

నోటీసులో ఏం వెతకాలి

అన్నిటికన్నా ముందు మొత్తం చూడాలి. నోటీసులో అడిగిన చెక్కు మొత్తం, చెక్కు మీదున్న అంకె ఒకటే అయి ఉండాలి. రెండూ వేరైతే నోటీసు చెల్లదని, టైపింగ్ పొరపాటు అని తప్పించుకోవడం కుదరదని 2025 సెప్టెంబరులో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది. ఆ కేసులో చెక్కు కోటి రూపాయలది, నోటీసులో రెండు కోట్లు అడిగారు. చెక్కు మొత్తాన్ని విడిగా చూపించి, దానికి అదనంగా వడ్డీ, నోటీసు ఖర్చులు కూడా అడిగితే మాత్రం నోటీసు చెల్లుతుంది. చెక్కు ఊసే లేకుండా మొత్తం లోను బాకీ ఇంత కట్టండి అని ఒకే అంకె రాసిన నోటీసు మీద గట్టిగా పోరాడవచ్చు.

తర్వాత రిటర్న్ మెమోలో కారణం. "ఫండ్స్ ఇన్‌సఫిషియెంట్" అనేది మామూలు. "అకౌంట్ క్లోజ్డ్", "పేమెంట్ స్టాప్డ్ బై డ్రాయర్", "సిగ్నేచర్ డిఫర్స్" అని రాసినా 138 వర్తిస్తుంది. చెక్కు బౌన్స్ కాకుండా ముందుగా స్టాప్ పేమెంట్ పెట్టేస్తే కేసు ఉండదనే సలహా ఊళ్లలో ఇప్పటికీ తిరుగుతుంటుంది, అది తప్పు.

మీరు చెక్కు కాకుండా బ్యాంకు ఖాతా నుంచి ఈఎంఐ ఆటోమేటిక్‌గా కట్ అయ్యే నాచ్ మేండేట్ ఇచ్చి ఉంటే, నోటీసులో 138 బదులు పేమెంట్ అండ్ సెటిల్‌మెంట్ సిస్టమ్స్ చట్టం, 2007లోని 25వ సెక్షన్ కనిపిస్తుంది. శిక్ష, గడువులు, విచారణ అన్నీ ఇంచుమించు ఇదే పద్ధతి. కింద చెప్పినవన్నీ దానికీ పనికొస్తాయి.

మూడో రోజుకల్లా లోను స్టేట్‌మెంటు తెప్పించుకోండి

కేసు మొత్తం దీని మీదే తిరుగుతుంది. లోను మొదలైన రోజు నుంచి ఇప్పటిదాకా పూర్తి స్టేట్‌మెంటు కావాలని బ్రాంచికి రాతపూర్వకంగా, ఈమెయిల్‌లో కూడా అడగండి. దరఖాస్తు కాపీ మీద సీలు వేయించుకోండి. మీ సొంత ఖాతా స్టేట్‌మెంటు పక్కన పెట్టుకుని ఒక్కో ఎంట్రీ సరిచూడండి. రికవరీ ఏజెంటుకి చేతికిచ్చిన డబ్బు జమ అయిందా? బండి పట్టుకెళ్లి వేలం వేస్తే ఆ సొమ్ము ఎంతకి, ఏ తేదీన జమ చేశారు? బీమా క్లెయిమ్ వస్తే కలిపారా?

ఎందుకింత పట్టుబట్టాలంటే, చెక్కు ప్రెజెంట్ చేసిన రోజున అందులో రాసినంత బాకీ నిజంగా ఉండాలి. ట్రాక్టరు లోను ఒకటి తీసుకోండి. బ్యాంకు చెక్కులో రూ.4,80,000 రాసి మార్చి 20న వేసింది. కానీ ట్రాక్టరు వేలం సొమ్ము రూ.1,10,000 మార్చి 4నే లోను ఖాతాలో పడింది, అంటే 20వ తేదీకి బాకీ రూ.3,70,000 మాత్రమే. చెక్కు ఇచ్చాక కొంత సొమ్ము జమ అయితే, ఆ మేరకు చెక్కు మీద ఎండార్స్‌మెంట్ (ఇంత సొమ్ము ముట్టిందన్న నోటు) రాయకుండా పూర్తి మొత్తానికి ప్రెజెంట్ చేస్తే 138 నేరం కాదని 2022లో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. బ్యాంకు కేసుల్లో ముద్దాయికి దొరికే బలమైన వాదనల్లో ఇది మొదటి వరసలో ఉంటుంది. చాలామంది స్టేట్‌మెంటు తెప్పించుకోకపోవడం వల్లే దీన్ని పోగొట్టుకుంటారు.

మరోవైపు, పనిచేయని వాదనలు కూడా తెలిసి ఉండాలి. "ఖాళీ చెక్కు ఇచ్చాను, వాళ్లే నింపుకున్నారు" అంటే సరిపోదు. సంతకం మీదే అయితే చట్టం బాకీ ఉందనే అనుకుంటుంది, లేదని చూపించే భారం మీ మీద పడుతుంది. "సెక్యూరిటీ కోసం ఇచ్చాను" అన్నంత మాత్రాన బయటపడలేరు. లోను సొమ్ము మీ చేతికి వచ్చి, వాయిదా గడువు దాటాక ఆ చెక్కు వేస్తే అది బాకీ చెక్కే అవుతుందని 2016లో సుప్రీంకోర్టు తేల్చింది. "డబ్బు పడుతుందనుకున్నాను" అనేది 140వ సెక్షన్ ప్రకారం వాదనే కాదు.

15 రోజుల్లో: కట్టడమా, జవాబివ్వడమా

బాకీ నిజమే అయి, డబ్బు సర్దగలిగితే కట్టేయండి. అయితే ఎలా కట్టారన్నది ముఖ్యం. చెక్కు మొత్తం పైసాతో సహా కట్టాలి. సగం కట్టి మిగతాది వచ్చే నెల అంటే 15 రోజుల రక్షణ రాదు. పెండింగ్ ఈఎంఐలు మాత్రం కట్టి, చెక్కు అంతకన్నా పెద్ద మొత్తానిదైతే అదీ చాలదు. నోటీసులో అడిగిన వడ్డీ, లాయరు ఫీజు ఈ గడువులో కట్టకపోయినా 138 కేసు నుంచి తప్పించుకోవచ్చు, అవి సివిల్ లెక్కలో ఉంటాయి.

ఆర్‌టీజీఎస్, నెఫ్ట్ లేదా డీడీ ద్వారా లోను ఖాతాలోకే పంపండి. రిమార్కులో చెక్కు నంబరు రాయండి. అదే రోజు బ్రాంచికీ, నోటీసు పంపిన లాయరుకీ "ఫలానా తేదీ నోటీసుకి సంబంధించి ఫలానా నంబరు చెక్కు మొత్తం ఈ యూటీఆర్ నంబరుతో చెల్లించాను" అని (యూటీఆర్ అంటే ఆ బదిలీకి బ్యాంకు ఇచ్చే నంబరు) స్పీడ్ పోస్టులో ఉత్తరం వేయండి. రికవరీ వాళ్ల చేతికి నగదు ఇవ్వడం మాత్రం వద్దు. ఇచ్చి తీరాల్సి వస్తే బ్యాంకు రసీదు లేకుండా ఒక్క రూపాయి కూడా వదలకండి.

కట్టలేకపోతే, లేదా బాకీ లెక్క తప్పనిపిస్తే, 15 రోజుల్లోపు లాయరు ద్వారా జవాబు నోటీసు పంపండి. జవాబు ఇవ్వకపోతే ఓడిపోతారని చట్టం అనదు. కానీ మొదటిసారి కోర్టులో చెప్పిన మాట తర్వాత అల్లిన కథలాగా కనపడుతుంది. మీ వాదన మొదటి రోజు నుంచే కాగితం మీద ఉండాలి. జవాబు ఇలా సూటిగా ఉంటే చాలు:

"మీరు పంపిన నోటీసు 3-6-2025న నా క్లయింటుకి అందింది. అందులో పేర్కొన్న చెక్కుని లోను మంజూరు సమయంలో మొత్తం, తేదీ లేకుండా ఇచ్చారు. ఆ తర్వాత వాయిదాల రూపంలోనూ, వాహనం వేలం ద్వారానూ లోను ఖాతాలో సొమ్ము జమ అయింది. చెక్కు ప్రెజెంట్ చేసిన రోజున అందులో రాసినంత బాకీ లేదు. లోను ప్రారంభం నుంచి పూర్తి ఖాతా స్టేట్‌మెంటు, వేలం వివరాలు పంపగలరు."

జవాబులో "పంట రాగానే మొత్తం కడతాను, కాస్త గడువివ్వండి" అని రాయకండి. బాకీ లెక్క మీద పోరాడాలనుకునే మనిషి ఆ ఒక్క వాక్యంతో బాకీ మొత్తం ఒప్పుకున్నట్టవుతుంది. గడువు కావాలంటే బ్రాంచి మేనేజరుతో మాట్లాడి, ఓటీఎస్ (ఒకేసారి తీర్చేసే పరిష్కారం) దరఖాస్తు విడిగా పెట్టుకోండి, దాన్ని కూడా ముందు లాయరుకి చూపించండి.

నోటీసు తీసుకోకుండా తిప్పి పంపితే? "రెఫ్యూజ్డ్", "అన్‌క్లెయిమ్డ్", "డోర్ లాక్డ్" అని రాసి వెనక్కి వెళ్లిన కవరుని కోర్టు అందినట్టే లెక్కిస్తుంది, చిరునామా సరైనదైతే చాలు. ఇల్లు మారిన వాళ్లు లోను రికార్డులో చిరునామా మార్పించుకోకపోతే ఇక్కడే దెబ్బ తింటారు. నిజంగానే నోటీసు అందలేదంటే 2007 సుప్రీంకోర్టు తీర్పులో ఒక దారి ఉంది: సమన్లు అందిన 15 రోజుల్లోపు చెక్కు మొత్తం కట్టి, ఫిర్యాదు కొట్టేయమని కోర్టుని అడగవచ్చు. కట్టకుండా "నోటీసు అందలేదు" అని వాదించడం వల్ల ఒరిగేదేమీ లేదు.

కేసు ఎక్కడ పడుతుంది, మీ మీదే పడుతుందా

2015 సవరణ తర్వాత, చెక్కుని ఖాతా ద్వారా వసూలుకి వేస్తే ఆ ఖాతా ఉన్న బ్రాంచి ఏ కోర్టు పరిధిలో ఉందో అక్కడే కేసు. అందుకే ఒంగోలులో లోను తీసుకున్న మనిషికి చెన్నై నుంచో ముంబయి నుంచో సమన్లు వస్తుంటాయి. దూరం, ఖర్చు అనే కారణాలతో కేసు మార్పించుకోవడం కష్టం. కోయంబత్తూరు కంపెనీ ఒకటి, బ్యాంకు చండీగఢ్‌లో వేసిన కేసుని తమ ఊరికి మార్చమని అడిగితే 2025లో సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు. అక్కడి లాయరుని పెట్టుకుని హాజరు మినహాయింపు అడగడమే ఆచరణలో కుదిరే మార్గం.

జాయింట్ ఖాతాలో సంతకం చేసిన వాళ్లే బాధ్యులు, సంతకం లేని భార్యనో భర్తనో కేసులో చేర్చకూడదు. జామీనుదారు తన చెక్కు ఇచ్చి ఉంటే తప్పించుకోలేడు, 138లో "ఏదైనా బాకీ లేదా బాధ్యత" అని ఉంది. కంపెనీ చెక్కు అయితే కంపెనీని ముద్దాయిగా చేర్చాలి. డైరెక్టర్లలో రోజువారీ వ్యవహారాలు చూసేవాళ్లెవరో ఫిర్యాదులో చెప్పాలి.

సమన్లు వచ్చాక

ముందు ఈకోర్ట్స్ సైట్‌లో గానీ యాప్‌లో గానీ సమన్లలో ఉన్న కేసు నంబరుతో వెతకండి. 16 అక్షరాల సీఎన్ఆర్ నంబరు (ప్రతి కేసుకీ ఉండే ప్రత్యేక గుర్తింపు) దొరుకుతుంది, దాన్ని రాసి పెట్టుకోండి. ఆపై వాయిదా ఎప్పుడు, ఏం జరిగింది అనేది ఇంట్లోనే చూసుకోవచ్చు. తర్వాత ఫిర్యాదు, బ్యాంకు అధికారి అఫిడవిట్, చెక్కు, మెమో, నోటీసు, లోను స్టేట్‌మెంటు కాపీలు లాయరు ద్వారా తీసుకోండి. మీ ఆరు తేదీల కాగితంలో చివరి గడిని ఇప్పుడు నింపండి.

ఫిర్యాదు మీద సంతకం పెట్టిన అధికారికి బ్యాంకు ఇచ్చిన అధికారపత్రం ఉందా చూడండి. అది లేకపోవడం సరిదిద్దుకోదగ్గ లోపమే కాబట్టి దాని మీదే ఆశ పెట్టుకోవద్దు. కానీ ఆ అధికారికి లోను సంగతి సొంతంగా తెలుసా, రికార్డు చూసి చెబుతున్నాడా అనేది క్రాస్‌లో (మీ లాయరు అతన్ని ప్రశ్నించేటప్పుడు) పనికొస్తుంది.

మొదటి వాయిదాకి తప్పకుండా వెళ్లండి. సమన్ల కాపీ, ఆధార్ జిరాక్స్, రెండు ఫొటోలు తీసుకెళ్లండి. పూచీకి మనుషులు కావాలా, సొంత పూచీకత్తు సరిపోతుందా అనేది ఆ కోర్టులో తిరిగే లాయరుకి ముందే తెలుస్తుంది, అడిగి వెళ్లండి. ఇది బెయిలబుల్ నేరం, బెయిలు మీ హక్కు. ఉదయం కేసులు పిలిచే సమయానికి హాలులో ఉండండి. పేరు పిలిచినప్పుడు లేకపోతే బెయిలబుల్ వారంటు, మళ్లీ రాకపోతే ఎన్‌బీడబ్ల్యూ (నాన్ బెయిలబుల్ వారంటు). ఈ కేసుల్లో మనుషులు పోలీస్ స్టేషన్ మొహం చూసేది దాదాపుగా వాయిదాకి రాకపోవడం వల్లే, బాకీ వల్ల కాదు.

రాలేని రోజున లాయరు చేత ఆబ్సెంట్ పిటిషన్ వేయించండి. పాత అలవాటుతో ఇప్పటికీ దీన్ని "317 పిటిషన్" అనే అంటారు, 2024 జూలై 1 నుంచి సీఆర్‌పీసీ స్థానంలో అమల్లో ఉన్న బీఎన్ఎస్ఎస్‌లో (క్రిమినల్ కేసుల విచారణ చట్టం) అది 355వ సెక్షన్. గల్ఫ్‌లోనో అమెరికాలోనో ఉన్నవాళ్లు, మంచం మీదున్న పెద్దవాళ్లు మొదట్లోనే శాశ్వత హాజరు మినహాయింపు అడగాలి. విదేశాల్లో ఉన్నవాళ్లకి ఇంకో ఇబ్బంది కూడా ఉంది: పెండింగ్ క్రిమినల్ కేసు ఉంటే పాస్‌పోర్టు రెన్యువల్‌కి కోర్టు అనుమతి అడుగుతారు. ఊళ్లో ఉన్న తమ్ముడు సమన్లు తీసుకుని చెప్పడం మర్చిపోతే, రెన్యువల్ వేళకి ఎన్‌బీడబ్ల్యూ బయటపడుతుంది.

నేరం ఒప్పుకుంటావా అని అడిగినప్పుడు

మెజిస్ట్రేటు ఆరోపణ సారాంశం చదివి వినిపించి మీ జవాబు అడుగుతారు. "బాకీ ఉంది గానీ…" అని మొదలుపెట్టకండి. పోరాడుతున్నట్టయితే నేరం ఒప్పుకోవడం లేదని ఒక్క మాట చెప్పండి. అదే దశలో, బ్యాంకు అధికారిని క్రాస్ చేసేందుకు 145(2) పిటిషన్ వేయించండి. ఇది వేయకపోతే బ్యాంకు అఫిడవిట్టే సాక్ష్యంగా నిలిచిపోయే ప్రమాదం ఉంది.

నేరం ఒప్పుకోనన్నాక బ్యాంకు 143ఏ కింద మధ్యంతర పరిహారం అడగవచ్చు, చెక్కు మొత్తంలో 20 శాతం మించకుండా. ఇది 2018 సెప్టెంబరు 1 నుంచి వచ్చిన సెక్షన్. అడిగిన ప్రతి కేసులో ఇచ్చి తీరాలన్న నియమం లేదని, కోర్టు రెండు వైపులా చూసి నిర్ణయించాలని 2024లో సుప్రీంకోర్టు చెప్పింది. కాబట్టి ఆ పిటిషన్‌కి రాతపూర్వక కౌంటరు వేయండి. స్టేట్‌మెంటులో తేడా, మీ ఆర్థిక స్థితికి ఆధారాలు జతచేయండి. కోర్టు ఆదేశిస్తే 60 రోజుల్లో కట్టాలి, కారణం చూపితే మరో 30 రోజులు ఇస్తారు. కట్టకపోతే జరిమానాలాగా వసూలు చేస్తారు, కానీ కట్టలేదని క్రాస్ చేసే హక్కు తీసేయకూడదు. కేసు కొట్టేస్తే ఆ సొమ్ము వడ్డీతో తిరిగివ్వాలి.

క్రాస్‌లో అనవసరమైన ప్రశ్నలు వద్దని మీ లాయరుతో ముందే మాట్లాడుకోండి. బ్యాంకు కేసులో ఐదారు ప్రశ్నలు చాలు: చెక్కు ఎప్పుడు తీసుకున్నారు? మొత్తం ఎవరు నింపారు? ప్రెజెంట్ చేసిన రోజున స్టేట్‌మెంటు ప్రకారం బాకీ ఎంత? వేలం సొమ్ము ఏ తేదీన జమ చేశారు? పీనల్ ఛార్జీలు ఎంత కలిపారు, ఏ అగ్రిమెంటు క్లాజు ప్రకారం? చెక్కు మొత్తానికీ బాకీకీ తేడా సాక్షి నోటి నుంచి వస్తే, సందేహాలకి అతీతంగా మీరేమీ రుజువు చేయక్కర్లేదు. మీ మాటే నమ్మదగ్గదిగా ఉందని అనిపిస్తే చాలు. కానీ అది కాగితాల ద్వారా అనిపించాలి. మీరు కట్టిన రసీదులు, ఖాతా స్టేట్‌మెంటు మీ వైపు సాక్ష్యంగా మార్కు చేయించండి.

రాజీ: ఎప్పుడు, ఎలా

బాకీ నిజం, లెక్క సరిగ్గానే ఉంది, తేదీల్లో లోపం లేదు అని తేలితే ఏళ్ల తరబడి వాయిదాలు తిరగడం కన్నా రాజీ మేలు. ఆలస్యమయ్యే కొద్దీ ఖర్చు పెరుగుతుంది. 2025 సెప్టెంబరులో సుప్రీంకోర్టు సవరించిన మార్గదర్శకాల ప్రకారం, ముద్దాయి తరఫు సాక్ష్యం మొదలవకముందు చెక్కు మొత్తం కట్టి రాజీ పడితే అదనపు ఖర్చు ఉండదు. ఆ తర్వాత, తీర్పుకి ముందు అయితే చెక్కు మొత్తంలో 5 శాతం న్యాయసేవా సంస్థకి కట్టాలి. సెషన్స్ కోర్టు, హైకోర్టుల్లో 7.5 శాతం, సుప్రీంకోర్టులో 10 శాతం.

బ్యాంకుతో రాజీలో జనం ఎక్కువగా మోసపోయేది చెక్కు కేసు ఒకటి, లోను ఖాతా ఒకటి అన్న తేడా గమనించక. చెక్కు మొత్తం కట్టి కేసు ముగించుకుని ఇంటికెళ్తారు, మిగిలిన వడ్డీకి ఆరు నెలల తర్వాత మరో నోటీసు వస్తుంది. హైదరాబాద్‌లోనో విశాఖపట్నంలోనో డెట్ రికవరీ ట్రిబ్యునల్‌లో కేసు, ఇల్లు తాకట్టు ఉంటే సర్ఫేసీ చట్టం కింద దాన్ని స్వాధీనం చేసుకునే చర్య ఈ కేసుతో పాటు విడిగా నడవవచ్చు. అందుకే ఓటీఎస్ మంజూరు లేఖ చేతికొచ్చాకే డబ్బు కట్టండి. ఆ లేఖలో లోను ఖాతా నంబరు, మొత్తం, గడువు, "పూర్తి, తుది పరిష్కారం" అనే మాట, ఉపసంహరించుకునే కేసుల నంబర్లన్నీ, బ్యాంకు దగ్గర మిగిలిన చెక్కులు తిరిగిస్తామన్న హామీ ఉండాలి. మేనేజరు ఫోన్‌లో చెప్పిన మాట చాలదు.

వాయిదాల పద్ధతిలో రాజీ కుదిరితే మళ్లీ కొత్త చెక్కులు ఇవ్వకుండా ఆర్‌టీజీఎస్‌లో కడతామనండి. రాజీ చెక్కు బౌన్స్ అయితే దాని మీద కొత్త 138 కేసు పడుతుంది.

జాతీయ లోక్ అదాలత్ రోజుకి ముందు బ్యాంకులు తగ్గింపు ఇవ్వడానికి కాస్త ముందుకొస్తాయి. జిల్లా న్యాయసేవాధికార సంస్థకి దరఖాస్తు పెట్టి మీ కేసు నంబరు ఆ జాబితాలో చేర్పించండి. లాయరుని పెట్టుకునే స్తోమత లేకపోతే ఉచిత న్యాయసహాయం కూడా అక్కడే అడగవచ్చు, 15100కి ఫోన్ చేయవచ్చు. లోక్ అదాలత్‌లో కుదిరిన అవార్డుని సివిల్ కోర్టు డిక్రీగా పరిగణిస్తారు. సంతకం పెట్టి తర్వాత కట్టకపోతే బ్యాంకు నేరుగా అమలు పిటిషన్ వేస్తుంది, దాని మీద అప్పీలు ఉండదు. కట్టగలిగిన అంకెకే సంతకం పెట్టండి.

శిక్ష పడితే

అదే రోజు శిక్ష నిలిపివేత పిటిషన్ వేయించేందుకు పూచీదారుల్ని సిద్ధంగా ఉంచుకోండి. 30 రోజుల్లోపు సెషన్స్ కోర్టులో అప్పీలు వేయాలి. 148వ సెక్షన్ కింద జరిమానా లేదా పరిహారంలో కనీసం 20 శాతం కట్టమని అప్పీలు కోర్టు ఆదేశించవచ్చు. అంత కట్టమనడం అప్పీలు హక్కునే పోగొట్టేలా ఉంటే మినహాయింపు అడగవచ్చని 2023లో సుప్రీంకోర్టు చెప్పింది. అప్పీలు దశలోనూ రాజీకి తలుపు తెరిచే ఉంటుంది.

కేసు ముగిశాక చూసుకోవాల్సినవి

రాజీ అయినా, కొట్టేసినా తీర్పు లేదా డాకెట్ ఉత్తర్వు సర్టిఫైడ్ కాపీ తీసుకోండి. ఈకోర్ట్స్‌లో కేసు "డిస్పోజ్డ్" అని మారిందో లేదో చూడండి. మధ్యలో ఎప్పుడైనా ఎన్‌బీడబ్ల్యూ వచ్చి ఉంటే, దాన్ని రీకాల్ చేసిన ఉత్తర్వు సంబంధిత పోలీస్ స్టేషన్‌కి చేరిందని స్వయంగా కనుక్కోండి. వారంటు రిజిస్టరులో కొట్టివేయకపోతే ముగిసిన కేసు కోసం కూడా కానిస్టేబుల్ ఇంటికొస్తాడు. బ్యాంకు నుంచి నో డ్యూ సర్టిఫికెట్, మిగిలిన చెక్కులు, తాకట్టు కాగితాలు తీసుకోండి. మళ్లీ లోను కావాలనుకునేవాళ్లు రెండు మూడు నెలలయ్యాక సిబిల్ రిపోర్టు తీసి చూడాలి: తగ్గింపుతో తీర్చిన లోను "సెటిల్డ్" అనీ, పూర్తిగా కట్టింది "క్లోజ్డ్" అనీ పడుతుంది. ఇంకా బాకీ చూపిస్తుంటే నో డ్యూ సర్టిఫికెట్ జతచేసి సిబిల్ సైట్‌లోనే అభ్యంతరం నమోదు చేయండి.